జనన ధ్రువపత్రంలో ఖాళీ గడి: పెళ్ళి కాని తండ్రి ఒకరి కేసు

గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణపు కోర్టులో ఇరవయ్యేళ్ళకు పైగా కుటుంబ వివాదాలు నడుపుతున్న న్యాయవాదిని. ఈ కేసును రాసి పెట్టడానికి కారణం, ఇందులో నేను మొదట ఎంచుకున్న దారి తప్పు కావడమూ, ఆ తప్పు వల్ల ఒక పసిపిల్లకు తండ్రిని చూసే అవకాశం దాదాపు ఐదు నెలలు లేకుండా పోవడమూ. పెళ్ళి చేసుకోకుండా తండ్రులైనవారు మా దగ్గరకు వచ్చినప్పుడు సాధారణంగా రెండు అపోహల్లో ఏదో ఒకదానితో వస్తారు. తాళి కట్టలేదు కాబట్టి తమకు బాధ్యత లేదనుకునేవారు కొందరు, రక్తం తమది కాబట్టి బిడ్డ మీద పూర్తి హక్కు తమదేననుకునేవారు మరికొందరు. నా కక్షిదారు రెండో రకం మనిషి. అతని ఆవేదన నిజమైనదే కావడంతో ఆ అపోహలోకి కొంతదూరం నేను కూడా నడిచాను.

ఇరుపక్షాల అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊళ్ళు, వృత్తులు, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీలు లేకుండా మార్చాను. న్యాయపరమైన మలుపులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. చట్టాల తెలుగు పాఠాల్లో కనిపించే ‘అక్రమ సంతానం’ అన్న మాటను ఈ వ్యాసంలో వాడను. పుట్టుకలో ఆ పిల్ల చేసిన అక్రమం ఏమీ లేదు.

నేపథ్యం

తండ్రికి అప్పటికి ముప్పై రెండేళ్ళు. రొయ్యల చెరువుల మీద నీటికి గాలి అందించే ఏరేటర్లు, మోటార్లు బాగుచేసే మెకానిక్. చెరువులు బాగున్న నెలల్లో చేతినిండా డబ్బు ఉంటుంది, వైరస్ తగిలి రైతులు చెరువులు ఎండగట్టిన నెలల్లో పూట గడవడం కష్టం. తల్లి రొయ్యల ప్లాంటులో పనిచేసేది. కులాలు వేరు: ఆమెది షెడ్యూల్డు కులం, అతనిది వెనుకబడిన తరగతి. రెండు ఇళ్ళలోనూ ఒప్పుకోలేదు. ఇద్దరూ పట్టణంలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని మూడేళ్ళు కలిసి ఉన్నారు. పెళ్ళి వాయిదా పడుతూనే ఉంది. 2020లో ఆడపిల్ల పుట్టింది. కాన్పుకు తీసుకెళ్ళింది ఆమె తల్లి. ఆసుపత్రిలో తండ్రి పేరు అడిగితే ఆవిడ చెప్పలేదు. ఆ రోజు అతను చెరువుల మీద ఉన్నాడు. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండవలసిన గడి అలా ఖాళీగా మిగిలింది, ఆ తరువాత దాన్ని నింపించాలని ఎవరికీ తోచలేదు.

పిల్లకు రెండేళ్ళు వచ్చాక తల్లి ఇంటి పనికి కువైట్ వెళ్ళింది. మా ప్రాంతంలో ఇది అసాధారణమేమీ కాదు. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల్లో అమ్మమ్మల దగ్గర పెరుగుతూ అమ్మను ఫోనులో మాత్రమే చూసే పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ పిల్ల కూడా అమ్మమ్మ ఇంటికి చేరింది. తండ్రి ఆదివారాల్లో పంటు మీద నది దాటి వెళ్ళి చూసి వచ్చేవాడు, ఉన్నప్పుడు రెండు వేలో మూడు వేలో అమ్మమ్మ చేతిలో పెట్టేవాడు. దేనికీ కాగితం లేదు.

అతని ఇంట్లోవాళ్ళు ఒక సంబంధం చూశారు, అతను పెళ్ళిచూపులకు వెళ్ళాడు. ఆ కబురు కువైట్ చేరేసరికి గుమ్మం మూసుకోవడం మొదలైంది. ఊరి పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక రాజీ రాయించారు. దాని ప్రకారం ‘పిల్ల ఖర్చుల కింద’ అతను మూడు లక్షలు ఇవ్వాలి, ఆపైన పిల్లకూ అతనికీ ఏ సంబంధమూ ఉండకూడదు. అమ్మమ్మ, మేనమామ, అతను సంతకాలు చేశారు. లక్ష రూపాయలు అక్కడే ఇచ్చాడు. నెల తిరగకముందే చేసిన పని ఏమిటో అర్థమై నా దగ్గరకు వచ్చాడు.

అతను అడిగింది, నేను వినవలసింది

2024 జూలైలో, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చిన కొద్ది వారాలకు, అతను నా ఆఫీసులో కూర్చుని ఒకటే మాట అన్నాడు: “మేడం గారూ, కోర్టు ఆర్డరు తెప్పించండి, పిల్లను తెచ్చేసుకుంటాను.” దసరా తరువాత మేనమామ పిల్లను హైదరాబాద్‌లో తన ఇంటికి తీసుకుపోయి అక్కడే బడిలో వేస్తాడని అతని భయం. ఆ మొదటి గంటలోనే ఇంకో విషయం మూడుసార్లు చెప్పాడు. తనను ‘బాబాయి’ అని పిలవమని పిల్లకు నేర్పారట. నేను దాన్ని బాధ కింద లెక్కగట్టాను గాని కోరిక కింద తీసుకోలేదు. అతనికి నిజంగా కావలసింది ఏమిటో ఆ మాటలోనే ఉంది.

చట్టం ఎక్కడ నిలబెడుతుంది

ఇద్దరూ హిందువులే కాబట్టి 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం వర్తిస్తుంది. దాని 6వ సెక్షన్ ప్రకారం పెళ్ళయిన దంపతుల బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. పెళ్ళి కాని వారి బిడ్డకు ఈ వరుస తిరగబడుతుంది: తల్లి, ఆమె తరువాతే తండ్రి. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌లోని ‘తరువాత’ అన్న మాటకు ‘మరణించాక’ అని మాత్రమే కాదు, ‘లేని పరిస్థితిలో’ అని కూడా అర్థం చెప్పింది. తండ్రి పట్టించుకోని చోట ఆయన బతికి ఉండగానే తల్లి సంరక్షకురాలు కావచ్చునన్నది ఆ తీర్పు సారం. దాన్ని ఇటువైపు తిప్పి, తల్లి కువైట్‌లో ఉంది కాబట్టి ‘లేనట్టే’ అని వాదించవచ్చునా అని చాలాసేపు ఆలోచించాను. రోజూ ఫోనులో మాట్లాడుతూ, నెల నెలా డబ్బు పంపుతూ, బిడ్డ కోసమే ఎడారి దేశంలో పరాయి ఇంట్లో పనిచేస్తున్న తల్లిని ‘లేదు’ అనడం న్యాయంగానూ తోచలేదు, నిలుస్తుందనీ అనిపించలేదు.

హక్కు విషయంలో తండ్రి స్థానం రెండోది. బాధ్యత విషయంలో అలాంటి వరుస ఏమీ లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, ఇప్పటి సంహితలో 144వ సెక్షన్, పెళ్ళిలో పుట్టినా పుట్టకపోయినా తనను తాను పోషించుకోలేని మైనరు బిడ్డకు జీవనభృతి ఇవ్వవలసిన బాధ్యతను తండ్రి మీద పెడుతున్నాయి. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. పైగా పెళ్ళికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే మేజరు అయ్యాక కూడా ఆ బాధ్యత పోదు. ఇది బిడ్డ హక్కు. దాన్ని అమ్మమ్మ గాని మేనమామ గాని మూడు లక్షలకు వదులుకోలేరు. అందువల్ల ఆ స్టాంపు కాగితంలో ‘ఇకపై సంబంధం లేదు’ అన్న భాగం చెల్లదని మొదటి రోజే అతనికి చెప్పాను. మిగిలిన రెండు లక్షలు తప్పాయని అతను అనుకుంటాడేమోనని, నెలనెలా ఇవ్వవలసిన భారం మాత్రం పిల్ల పెద్దయ్యేదాకా ఉంటుందని కూడా అప్పుడే చెప్పాను.

వారసత్వం విషయంలో చట్టం మరింత కఠినం. హిందూ వారసత్వ చట్టం 3వ సెక్షన్‌లోని నిర్వచనం పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డను తల్లికి మాత్రమే బంధువుగా చూస్తుంది. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే ఆ బిడ్డకు ఏమీ రాదు. మొదటి భార్య ఉండగా రెండో పెళ్ళి చేసుకున్నవాడి పిల్లలకైతే, ఆ పెళ్ళి చెల్లకపోయినా, హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఇస్తుంది. 2023 సెప్టెంబర్‌లో రేవణసిద్ధప్ప కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. ఇద్దరు పెళ్ళికాని మనుషులు ఎవరినీ మోసగించకుండా కలిసి బతికితే పుట్టిన బిడ్డకు ఆ రక్షణ లేదు. ఇప్పుడు పెళ్ళి చేసుకున్నా, ముందు పుట్టిన బిడ్డ హోదా దానితో మారే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఈ తేడాకు నాకు ఏ న్యాయమూ కనబడదు. కానీ కక్షిదారుకు సలహా ఇచ్చేటప్పుడు ఉన్న చట్టాన్నే చెప్పాలి.

నేను వేసిన మొదటి పిటిషన్

దసరా ముంచుకొస్తోంది. సంరక్షకులు, ఆశ్రితుల చట్టం, 1890, 9వ సెక్షన్ ప్రకారం మైనరు మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారం ఉంటుంది కాబట్టి, పిల్ల హైదరాబాద్ వెళ్ళిపోతే కేసు కూడా అక్కడికే పోతుంది. చెరువు పని మానుకుని అతను నెలకు రెండుసార్లు హైదరాబాద్ తిరగలేడు. ఈ తొందరలో ఆగస్టులో అదే చట్టం 25వ సెక్షన్ కింద పిల్లను అప్పగించమని పిటిషన్ వేశాను. పిల్లను కోర్టు అధికార పరిధి దాటించకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా కోరాను.

వేసేముందు రెండు దారులను పక్కన పెట్టాను. చాలాకాలం భార్యాభర్తల్లా కలిసి ఉంటే పెళ్ళయినట్టే భావించవచ్చునని 1978లో బద్రీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గాని, అక్కడ ఆ జంట సుమారు యాభై ఏళ్ళు కలిసి ఉన్నారు; ఇక్కడ మూడేళ్ళు, పైగా పెళ్ళి కాలేదని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. అతని స్నేహితులైతే అన్నవరంలో దండలు మార్చుకున్నట్టు రాయమనీ, సాక్షులుగా తామే వస్తామనీ ముందుకొచ్చారు. అబద్ధపు పెళ్ళి రాసే పిటిషన్ మీద నేను సంతకం చేయనని చెప్పాను. నీతి సంగతి అటుంచినా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది ఒక్క గంట కూడా నిలబడదు, దానితో పాటు అతను చెప్పే నిజాలు కూడా కొట్టుకుపోతాయి.

మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, పిల్ల ఊళ్ళోనే ఉంది. ఆ పిటిషన్ చేసిన మేలు అంతవరకే. మిగిలినదంతా నష్టం. 25వ సెక్షన్ భాష సంరక్షకుడి చేతిలోంచి వెళ్ళిపోయిన మైనరును తిరిగి అప్పగించడం గురించి మాట్లాడుతుంది. తల్లి బతికి ఉండగా ఇతను సంరక్షకుడే కాడు, పిల్ల ఏనాడూ ఇతని సంరక్షణలో లేదు. ఎదుటి న్యాయవాది కౌంటర్‌లో, అంటే మా పిటిషన్‌కు ఇచ్చిన జవాబులో, మొదటి అభ్యంతరం అదే రాశారు. రెండోది, అతను తండ్రే కాదన్నారు. మూడోది, 2015 నాటి ఏ.బీ.సీ. కేసును ఎత్తి చూపారు. అందులో పెళ్ళికాని ఒక తల్లి సంరక్షకత్వం కోరితే తండ్రికి నోటీసు ఇవ్వనక్కర లేదని, ఆయన పేరు చెప్పమని ఆమెను బలవంతపెట్టరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి పెళ్ళికాని తండ్రికి మాట్లాడే అర్హతే లేదన్నది వారి వాదన. ఆ తీర్పును నేను అలా చదవలేదు. అక్కడి తండ్రి బిడ్డను ఏనాడూ పట్టించుకోలేదు. పైగా సంరక్షకత్వపు ఉత్తర్వులు శాశ్వతం కావని, బిడ్డ క్షేమం ప్రమాదంలో పడితే నిజమైన శ్రద్ధ ఉన్న ఎవరైనా ప్రశ్నించవచ్చునని ఆ తీర్పులోనే ఉంది. అయితే మా పిల్ల క్షేమం ప్రమాదంలో ఉందని మేము చూపలేకపోయాము. అమ్మమ్మ దానిని బాగానే పెంచుతోంది.

తండ్రిని కాదన్నారన్న కోపంతో అతను డీఎన్‌ఏ పరీక్షకు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. 1993లో గౌతమ్ కుందు కేసు నుంచీ సుప్రీంకోర్టు ఇలాంటి పరీక్షలను అడిగినదే తడవుగా ఆదేశించరాదని చెబుతూ వస్తోంది. 2010లో భవానీ ప్రసాద్ జెనా కేసులో, అది లేకుండా నిజం తేల్చడం సాధ్యం కానంత అవసరం ఉంటేనే అని ఇంకా గట్టిగా చెప్పింది. తల్లికి వేరొకరితో పెళ్ళయి ఉంటే ఆ పెళ్ళిలోని భర్తనే తండ్రిగా భావించే ఎవిడెన్స్ చట్టపు సూత్రం, పాతదానిలో 112, కొత్త సాక్ష్య అధినియమ్‌లో 116, అడ్డం వచ్చేది. ఇక్కడ ఆ చిక్కు లేదు. పైగా మా చేతిలో ఒక సాక్ష్యం ఉంది, దానిని నేను చాలా ఆలస్యంగా గమనించాను. పెద్దమనుషుల రాజీ కాగితం బాధ్యతను తెంచడానికి పనికిరాదు గాని, ‘పిల్ల ఖర్చుల కింద’ ఇతని దగ్గర డబ్బు తీసుకున్నట్టు అమ్మమ్మ, మేనమామ చేసిన సంతకాలు ఇతనే తండ్రి అన్న ఒప్పుకోలు. తల్లి సంతకం లేదు కాబట్టి అది ఆమెను కట్టివేయదు. అయినా నాలుగేళ్ళ పిల్లకు సూది గుచ్చి రక్తం తీయించే అవసరాన్ని అది తప్పించింది.

ఈలోగా లంకలో జరిగినది వేరు. కోర్టు నోటీసు అందిన రోజు నుంచి అమ్మమ్మ పిల్లను అంగన్‌వాడీకి పంపడం మానేసింది. దారిలో ఎత్తుకుపోతాడని భయం. ఆదివారం చూపులు కూడా పోయాయి. డిసెంబర్‌లో మధ్యంతర దర్శనం కోసం, అంటే కేసు తేలేలోగా పిల్లను చూసే వీలు కోసం, వేసిన అర్జీ మీద వాదనలు జరుగుతుండగా జడ్జి గారు, ఈ నాలుగేళ్ళలో పిల్ల పేరున ఇతను ఖర్చు పెట్టిన రూపాయి ఏదైనా రికార్డులో ఉందా అని అడిగారు. స్టాంపు కాగితం తప్ప నా దగ్గర ఏమీ లేదు, ఆ స్టాంపు కాగితమేమో సంబంధం తెంచుకుంటానని అతను సంతకం చేసినది. ఆ సాయంత్రమే అతనితో మాట్లాడి, తిరిగి వేసుకునే స్వేచ్ఛతో పిటిషన్ ఉపసంహరించుకోవడానికి మెమో వేశాను. అతనికి అది ఓటమిలా తోచింది. గెలవడానికి వీలులేని కోరికను పట్టుకుని సాక్ష్యాల దాకా వెళితే, అమ్మమ్మను బోనులో నిలబెట్టి నేను అడగవలసిన ప్రశ్నల తరువాత ఆ గుమ్మం ఇక ఎప్పటికీ తెరుచుకోదని చెప్పాను.

మనియార్డర్లు

ఇక్కడి నుంచి క్రమం తిప్పాము. చట్టం అతనికి వెంటనే, షరతు లేకుండా ఇచ్చినది బాధ్యత ఒక్కటే. దాన్ని ఎవరూ అడగకముందే, దర్శనానికి ముడిపెట్టకుండా, రికార్డు మీద నెరవేర్చడం మొదలుపెట్టాలి.

ఇందులోనూ ఒక చిక్కు ఉంది. తండ్రులు సాధారణంగా సుకన్య సమృద్ధి ఖాతా తెరుస్తామంటారు. దాన్ని సహజ సంరక్షకులు గాని, చట్టబద్ధంగా నియమితులైన సంరక్షకులు గాని తెరవాలి. ఇతను రెండూ కాడు, అమ్మమ్మ కూడా కాదు, తల్లి కువైట్‌లో ఉంది. మామూలు పొదుపు ఖాతాకూ అదే అడ్డంకి. చివరకు పోస్టాఫీసు మనియార్డరే దారి అయ్యింది. నెలకు నాలుగు వేలు, అమ్మమ్మ పేరున, కూపన్ మీద ‘పాప ఖర్చులకు’ అన్న రెండు మాటలు. మొదటి రెండు నెలలు తీసుకోలేదన్న రాతతో తిరిగి వచ్చాయి. ఆ రసీదులను భద్రంగా దాచమన్నాను. మూడో నెల అమ్మమ్మ సంతకం చేసి తీసుకుంది. పాపకు జ్వరం వచ్చిన నెల అది.

దీనికి ముందు మేమిద్దరం తేల్చుకోవలసిన ప్రమాదం ఒకటి ఉంది. పెళ్ళి చేసుకుంటానని మోసం చేశాడని క్రిమినల్ కేసు పెడతామని మేనమామ రెండుసార్లు బెదిరించాడు. తల్లి కులం దృష్ట్యా అట్రాసిటీ చట్టం మాట కూడా వచ్చింది. తండ్రినని లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే అది ఆ ఫిర్యాదుకు ఆధారం కాదా అని అతని అన్న అడిగాడు. తండ్రి కావడం వేరు, మొదటి నుంచీ పెళ్ళి ఉద్దేశం లేకుండా మాట ఇవ్వడం వేరు అని వివరించాను. మూడేళ్ళు అందరికీ తెలిసేలా ఒకే ఇంట్లో ఉన్నారు, అద్దె రసీదులు ఇద్దరి పేర్లతోనూ ఉన్నాయి. అయినా ప్రమాదం సున్నా అని చెప్పలేదు. ఆ సలహాను కాగితం మీద పెట్టి అతని చేత చదివించాను. అతను ఒక రాత్రి ఆలోచించుకుని వచ్చి, ఒప్పుకుందామన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నాలు

2025 మార్చిలో మండల న్యాయ సేవాధికార కమిటీకి కేసు వేయకముందటి అర్జీ పెట్టాము. న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం ఉంది కాబట్టి తల్లి తరఫున ఒక న్యాయవాదిని కమిటీయే ఏర్పాటు చేసింది. కువైట్‌లో శుక్రవారం సెలవు; అక్కడి సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అందుకని కూర్చోవడాలన్నీ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పెట్టించాము. తల్లి వీడియో కాల్‌లో వచ్చేది.

మొదటి రోజు ఆమె పిల్ల గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పెళ్ళిచూపుల గురించే మాట్లాడింది. మధ్యవర్తి ఆపలేదు, నేనూ అడ్డు చెప్పలేదు. నా కక్షిదారు సమర్థించుకోబోతే వద్దని సైగ చేశాను. గంటన్నర తరువాత ఆమె, “నా బిడ్డను నా దగ్గర నుంచి లాక్కోవడానికి కేసు వేశాడు గదండీ” అంది. అప్పుడుగాని నేను వేసిన పిటిషన్ ఆమె చెవికి ఎలా వినిపించిందో నాకు అర్థం కాలేదు. ఆ పిటిషన్ న్యాయవాదిగా నా నిర్ణయమని, అది ఉపసంహరించుకున్నామని, తల్లే సహజ సంరక్షకురాలని రాసి ఇవ్వడానికి సిద్ధమని నేనే ఆమెతో చెప్పాను.

తరువాతి మూడు శుక్రవారాల్లో బయటపడినవి మూడు భయాలు. తండ్రి పేరు రికార్డులోకి ఎక్కితే ఏ రోజైనా వచ్చి పిల్లను తీసుకుపోతాడని మేనమామ భయం. పిల్లకు కుల ధ్రువపత్రం రాకుండా పోతుందని అమ్మమ్మ భయం. ఇంటిపేరు మారిపోతుందని తల్లి భయం. ఈ మూడూ ఒకే నమ్మకం నుంచి పుట్టాయి: తండ్రి పేరు రాయడమంటే పిల్లను తండ్రికి ఇచ్చేయడమే అన్న నమ్మకం. విడివిడిగా చూస్తే మూడింటికీ జవాబు ఉంది.

పేరు నమోదు కావడం వల్ల 6వ సెక్షన్‌లోని వరుస మారదు. తల్లి స్థానం తల్లిదే. కులం విషయంలో, భిన్న కులాల తల్లిదండ్రుల బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది తిరుగులేని సూత్రం కాదని, బిడ్డ తల్లి సమాజంలో పెరిగి, ఆ సమాజపు కష్టాలనే అనుభవిస్తే అది చూపించి తల్లి కులాన్ని పొందవచ్చునని 2012లో రమేష్‌భాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పిల్ల రెండేళ్ళ వయసు నుంచి ఉన్నది అమ్మమ్మ పేటలోనే. ఇంటిపేరు గురించి 2022లో ఒక తెలుగు కుటుంబం కేసులోనే, సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని తీర్పు వచ్చింది. అది తండ్రి చనిపోయిన సందర్భం అయినా, కారణం ఇక్కడికీ సరిపోతుంది. అతని తల్లికి, అంటే నాయనమ్మకు, ఇంటిపేరు తమదే కావాలని గట్టి పట్టు. ఆవిడను ఒప్పించడానికి అతనికి నెల పట్టింది.

రాసుకున్న షరతులు

జూలైలో తల్లిదండ్రులిద్దరూ కలిసి సంరక్షకత్వపు పిటిషన్ వేసి రాజీ షరతులు దాఖలు చేశారు. తల్లి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ పొంది వచ్చింది. అలాంటి పత్రానికి మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ గడువును మరచిపోయి ఇబ్బంది పడినవారిని చూశాను. మైనరు హక్కులకు సంబంధించిన రాజీ కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ 7వ రూల్ ప్రకారం కోర్టు అనుమతి విడిగా కోరాము.

సహజ సంరక్షకురాలు తల్లి. ఆమె విదేశంలో ఉన్నంతకాలం పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. అతను తండ్రినని ఒప్పుకున్నాడు, ఆమె ధ్రువీకరించింది. నెలకు ఏడు వేలు జీవనభృతి, ఏటా పది శాతం పెంపు. ఈ అంకె తేల్చడానికి 2020 నాటి రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో చెప్పిన నమూనాలో ఆదాయ, ఆస్తుల అఫిడవిట్‌ను అతను ఎవరూ అడగకుండానే వేశాడు, చెరువులు ఖాళీగా ఉన్న నెలలతో సహా. ఇచ్చిన లక్షను పాప పేరున డిపాజిట్ చేయడానికి మేనమామ ఒప్పుకున్నాడు. మొదటి మూడు నెలలు ఆదివారం రెండు గంటలు అమ్మమ్మ ఇంటి అరుగు మీదే చూడాలి. ఆ తరువాత పగటిపూట బయటకు తీసుకువెళ్ళవచ్చు. రాత్రి బస గురించి తల్లి సెలవుకు వచ్చినప్పుడు మాట్లాడుకోవాలి. వారంలో రెండు వీడియో కాల్స్. 2020లో యశితా సాహు కేసులో బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు ఉందనీ, చూడడానికి వీలు లేనప్పుడు వీడియో కాల్ ద్వారా సంబంధం నిలపాలనీ చెప్పిన మాటలను ఇక్కడ ఆధారం చేసుకున్నాము. దర్శనం ఏ కారణం వల్ల ఆగినా జీవనభృతి ఆగదు, జీవనభృతి ఆలస్యమైతే దర్శనం ఆగదు అన్న వాక్యం నేను పట్టుబట్టి రాయించాను.

‘బాబాయి’ పిలుపు గురించి కూడా ఒక షరతు రాద్దామని మధ్యవర్తి సూచించారు. అతనే వద్దన్నాడు.

జనన రిజిస్టరులో పేరు చేర్చడానికి వెళితే కార్యాలయంలో వివాహ ధ్రువపత్రం అడిగారు. తండ్రి పేరు నమోదుకు పెళ్ళి రుజువు కావాలని జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ఎక్కడా అనలేదు. నోటిమాట మీద వాదించకుండా, రాతపూర్వక దరఖాస్తుకు ఉమ్మడి అఫిడవిట్, కోర్టు ఉత్తర్వు నకలు జతచేసి, తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమని కోరాము. సెప్టెంబర్‌లో కొత్త ధ్రువపత్రం వచ్చింది.

తోటి న్యాయవాదులకు

ఇలాంటి తండ్రి వచ్చినప్పుడు ఇప్పుడు నేను మొదట అడిగేది రసీదుల గురించి. పిల్ల ఎవరిని ఏమని పిలుస్తుందో రెండో ప్రశ్నగా అడుగుతాను. అతను కోరేది స్వాధీనమా, గుర్తింపా అన్నది ఆ జవాబులో తెలిసిపోతుంది, ఈ రెండింటికీ పిటిషన్లు వేరు. పిల్లను పరిధి దాటించకుండా ఆపడమే తక్షణ అవసరమైతే అంతవరకే అడగాలి; దాని కోసం స్వాధీనం మొత్తాన్ని కోరడం వల్ల ఎదుటివారికి భయం తప్ప మనకు ఏమీ మిగలదు. పెద్దమనుషుల కాగితాలను చెల్లవని పక్కన పడేయకుండా చివరి అక్షరం వరకూ చదవాలి. జీవనభృతి కేసు రాబోతోందని తెలిసిన తండ్రికి, తండ్రిని కాదని వాదించి కాలయాపన చేద్దామని చెప్పేవారు మన వృత్తిలో ఉన్నారు. ఆ కాదన్న మాట రేపు అతను బిడ్డను చూడాలని వచ్చిన రోజు అతని మీదే సాక్ష్యంగా నిలబడుతుంది.

వారసత్వం సంగతి మాత్రం రాజీలో పూర్తికాలేదు. అతనికి సొంతంగా రెండు సెంట్ల ఇంటి స్థలం, ఉమ్మడి ఇంటిలో వాటా ఉన్నాయి. ముందుగా ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయించి రిజిస్టరు చేయించాము. బీమా పాలసీలో పిల్లను నామినీగా పెట్టి, మైనరు కాబట్టి డబ్బు అందుకునే వ్యక్తిగా తల్లి పేరు రాయించాము. హిందువు వీలునామా అతని పెళ్ళితో రద్దు కాదు గాని, అతను తలచుకుంటే ఎప్పుడైనా మార్చవచ్చు. ఇప్పుడు అతనికి మళ్ళీ సంబంధాలు చూస్తున్నారు. పిల్ల ఉందని, నెలకు ఇంత పంపుతానని మొదటి మాటగానే చెబుతున్నాడట. రేపు వచ్చే కుటుంబం ఒత్తిడికి వీలునామా నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఆ రెండు సెంట్లను ఇప్పుడే పిల్లకు సెటిల్‌మెంటు దస్తావేజుగా ఇచ్చేయమని సలహా ఇచ్చాను, అతను ఒప్పుకున్నాడు. మైనరు తరఫున సంరక్షకురాలిగా తల్లి దాన్ని స్వీకరించాలి. ఆమె సెలవు మీద వచ్చే తేదీ ఇంకా ఖాయం కాలేదు. చిత్తుప్రతి నా ఫైలులో సిద్ధంగా ఉంది.